తోడికోడలి అంకె

చైత్రమాసావసానమున మధ్యాహ్నసూర్యుని ప్రచండకిరణములకు మడకశిర గుట్టలు కుమ్మరి ఆవములవలె కనలుచుండెను. పక్షులు కూత మఱచినవి. మల్బరితోటలలో నిన్నటి చివురులు సైతము తలలు వాల్చినవి. అట్టి యెండలో హనుమక్కయు ఆమె తోడికోడలు శివగంగయు ప్రక్కప్రక్క పాకలలో పట్టుపురుగులను పంకాల గాలితో బ్రతికించుకొనుచుండిరి. పురుగులు కడపటి జ్వరము, అనగా పొర విడుచు నిద్ర, దాటి గూళ్లు కట్టుటకు ఇంక నైదుదినములే కలవు. గాలి నిలిచినచో పంట యెల్ల నొక్కపూటలో కుళ్లును.

పంకాలు త్రిప్పుటకు ఇద్దరికిని రెండేసి సౌరఫలకములును, వాని విద్యుత్తును బ్యాటరీలకు పంపు కంట్రోలరు పెట్టె యొక్కటియు నుండెను. పెట్టె ముఖమున వెలుగు అంకె ఆ ప్రవాహపు కొలత. మొదట నిరువురిదియు ఇరువదిరెండే. చూడవచ్చినవారి దిష్టి తగులునని హనుమక్క తన పెట్టెను కంబళిలో చుట్టి కొయ్యసందుకలో దాచెను. అంకె పదునెనిమిదికి దిగెను. శివగంగది మాత్రము చెక్కుచెదరలేదు. అది మొదలు హనుమక్కకు కూడు సహింపదయ్యెను. తోడికోడలి అంకెను మించవలెనని మఱి రెండు ఫలకములు తెచ్చి నాలుగింటిని ఒకే వరుసగా కలిపించెను. అంకె పదునాలుగునకు పడిపోయెను. పంకాలు మందగించెను. తట్టలలో పురుగులు మేత విడిచి తలలెత్తి యూగసాగెను.

హనుమక్క కొంగు బిగించి శివగంగ వాకిట నిలిచెను.

“ఏమే, నా పెట్టె మింద ఏం చల్లినావే? నీ రెండు పలకలకు ఇరవైరెండు, నా నాలుగిటికి పద్నాలుగా?”

“నేనేం చల్లుదు అక్కా! నీ వాకిట్లోకి రానీకి నీ కుక్క ఒప్పుకుంటాదా?” అని నవ్వుచునే శివగంగ ఆమె వెంట వచ్చి సందుక తెఱచి పెట్టెపై చేయి పెట్టి చివాలున తీసికొనెను. “అబ్బ! ఇది పెట్టెనా, పొయ్యిమింది పెనమా? వేడెక్కితే కాలిపోతాననుకొని ఇదే కరెంటు తగ్గించుకొంటాది. కంబళి కప్పితే నీకైనా ఊపిరాడుతాదా? పైగా నాలుగూ ఒకే వరసన కట్టి వోల్టేజి ఎత్తినావు. అంతెత్తు నుంచి బ్యాటరీకి సరిపడా దించేదానికే ఇది ఉడికిపోతాండాది. రా, రెండ్రెండుగా కడదాం.”

స్విచ్చి ఆపి వారిరువురును ఫలకములను రెండు జతలుగా మార్చిరి. పెట్టెను గాలి తగులు నీడగోడకు వ్రేలాడదీసిరి. అది చల్లాఱినకొలది అంకె యిరువది దాటెను, ముప్పది దాటెను, ముప్పదితొమ్మిదియొద్ద నిలిచెను. పంకాలు హోరుమనెను. పురుగులు ఆకుపై వ్రాలి కొఱుకు సద్దు తొలకరిచినుకులవలె పాకయెల్ల నిండెను.

“గెలిచినావు పో అక్కా” అని శివగంగ పలికెను. కాని యామె చూపు ఆ యంకెను వదలదయ్యెను, పెదవులపై నవ్వు సన్నగిల్లెను. హనుమక్క ఆ చూపును వెంటనే గుర్తించెను. వేసవి మొదటినుండియు అది తన కన్నులలో కాపురముండినదే. ఇన్నినాళ్లుగా కోరిన గెలుపు చేతికందిన ఆ క్షణమున ఆమెకు శివగంగ ముఖమువంక చూచుటకు ధైర్యము చాలదయ్యెను.