అనువాదం నాది, మైకు అన్నయ్యది

ఆ ఆదివారం ఇంట్లో ఆరుగురం: సంఘపెద్ద అయిన మా తాత కృపారావు, నానమ్మ ఎలీసమ్మ, అమ్మ, అన్నయ్య ఎలీషా, కోతల పండగ ఆరాధనకి కలకత్తా నుంచి వచ్చిన దైవజనుడు, నేను. నాన్న గరివిడి ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లారు.

ఆ అతిథికి తెలుగు రాదు. తన ప్రసంగం ఇంగ్లీషులో ముందే ఫోనుకి పంపారు. నాలుగు రోజులు కూర్చుని దాన్ని తెలుగులో నోటుబుక్కులో రాసింది నేను. ఆయన పక్కన నిలబడి చెప్పేదీ నేనే అనుకున్నాను. పదిమందిలో నోరు పెగలని దాన్ని, దొడ్లో జామచెట్టుకి చెప్పి చెప్పి అలవాటు చేసుకున్నాను.

టిఫిన్లయ్యాక తాత ఆ నోటుబుక్కు అన్నయ్య చేతిలో పెట్టారు.

కిందటేడూ అన్నయ్యే. అర్థం కాని వాక్యం వస్తే కంఠస్థమైన ఏదో ఒక వచనం గట్టిగా చెప్పేవాడు. జనం స్తోత్రం అన్నారు. ఆ స్తోత్రం తన మాటకే అనుకుని అప్పటి అతిథి మురిసిపోయారు. ఎంత అన్యాయం!

"తాతా, నేను సెప్తాను," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"నువ్వేటే! ట్రాన్స్‌లేటరంటే మగోడు. పాస్టరు లాగ. ఆడోలయితే పాస్టరమ్మ అంటాం గదా," అన్నారు తాత.

నాకు ఒళ్లు మండింది. ట్రాన్స్‌లేటర్ అన్న మాట చివరి ఓ, ఆర్ అక్షరాల గురించి బడి డిక్షనరీలో చదివాను.

"అది లాటిన్ తోక తాతా. పని సేసినోలని అర్థం. లాటిన్‌లో ఆడోలకి వేరే తోకుండేది, నిజిమే. ఇంగ్లీషోలు దాన్ని ఇంచుమించు వదిలీసినారు. రాజాంలో నీ కంటికి ఆపరేషన్ సేసిన డాక్టరు ఆడమనిషి కాదేటి? ఆవిడకీ అదే తోక!"

"తోకలేటే, కోతిలాగ!" అని నవ్వి అన్నయ్య పుస్తకం తెరిచాడు. "ఒసే, ఇక్కడ ఏటి రాసినావు?"

నేను రాసిన మాటకి నన్నే అర్థం అడిగాడు. చెప్పాను.

ఇంతలో అతిథి ఇంగ్లీషులో ఏదో అడిగారు. అన్నయ్య తాతని చూశాడు, తాత నన్ను చూశారు.

"ఏటంతన్నారే?"

"తన మాటలు తెలుగులో ఎవరు సెప్తారని అడుగుతన్నారు," అని, ఆయనవైపు తిరిగి నేనేనని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆయన నవ్వి, రమ్మని చెయ్యి ఊపారు.

తాత మాత్రం ఆయన భుజం పట్టి లోపలి గదికి నడిపించారు. ఆరాధనకి ముందు ప్రసంగించేవారూ, అనువదించేవారూ, సంఘపెద్దా అక్కడే ప్రార్థన చేస్తారు. నేనూ వెనకే వెళ్లాను.

గడపలో అన్నయ్య ఆగి మూడో పేజీ నా ముందు పెట్టాడు. "ఇదేటో సెప్పీవే, బేగి!"

"నన్ను రానిస్తే సెప్తాను," అన్నాను.

తాత అన్నయ్యని లోపలికి లాగి, నా మొహం మీదే తలుపు వేసేశారు.