బల్ల మీద రేకు ముక్క

సిమెంటు రేకు కనబడితే శారద దూరం జరిగి నడుస్తుంది. ఊరికే కాదు. ఆమె అన్న కొమురెల్లి కోరుట్ల, మెట్‌పల్లి పసుపు గోదాములకు పద్దెనిమిదేళ్లు రేకులు కోసి బిగించాడు. మిషను పెట్టి కోస్తే మీసాలు తెల్లబడేవి. ఇంటికొచ్చి తలగుడ్డ దులిపితే పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు మంచం దిగి నీళ్ల కుండ దాకా పోవాలంటే నడుమ ఒకసారి కూర్చోవాలి. జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి ఒకటే మాట చెప్పాడు. రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది, పగలగొడితే లేస్తుంది, ఊపిరితిత్తుల్లో దిగిందా ఇక బయటికి రాదు.

అందుకే సిరిసిల్లలో తమ వాడ బడి రేకులు తీసి స్లాబు పోస్తారని వినగానే బీడీల చాట పక్కకు నెట్టి పరుగెత్తింది. ఆమె బడి కమిటీలో మెంబరు. కూతురు సంధ్య ఆ బడిలోనే రెండో తరగతి. సెలవులు అయిపోవడానికి ఇంకా రెండు వారాలున్నాయి.

వరండాలో ఇంజనీరు సాయితేజ నల్లద్దాలు తీయకుండానే కప్పు చూస్తున్నాడు.

“సారూ, పలగ్గొట్టక ముందు ఒక ముక్క పరీక్షకు పంపుండ్రి.”

“ఎందుకమ్మా? పలిగినయా? పొడి రాలుతున్నదా? లేదు గద. గిట్ల మంచిగున్నప్పుడు ఆస్‌బెస్టాస్ సర్వే అవసరం లేదు.”

“మరి పలిగినంక?”

“పలిగినంక సూద్దాం తియ్.”

కాంట్రాక్టరు రాకేశ్ పళ్లికిలించాడు. “అక్కా, మీ మగ్గం సాంచెల షెడ్ల మీదున్నయి బంగారు రేకులా? వాటికిందనే పుట్టి పెరిగిండ్రు. నూలు దుమ్ము తిన్నోళ్లకు గీ దుమ్మొక లెక్కనా?”

“మీద కప్పిన రేకు వేరు, కూలగొట్టే రేకు వేరు. మా అన్నను అడుగుపో. మాట్లాడేటందుకు ఆయనకు దమ్ముంటే చెప్తడు.”

రాకేశ్ బండిలోంచి సుత్తెలు దించమని కూలీలకు సైగ చేశాడు.

శారద దరఖాస్తు రాయించుకుని పెద్దాఫీసుకు పోయింది. ఒక టేబులు ఆమెను ఇంకో టేబులుకు తోసింది. అక్కడ కూర్చున్న ఆయన పళ్లు కుట్టుకుంటూ, “ఆస్‌బెస్టాస్ ఉన్నట్టు రుజువు పట్టుకరా, సర్వేకు రాస్తం” అన్నాడు.

“రుజువు కోసమే గద సర్వే?”

“గా రూలు నేను పెట్టిన్నా?” అని పుల్లకు అంటిన ముక్కను బల్ల అంచుకు రాశాడు. ఆ పుల్లను రాసినట్టే కాగితాల మీద సంతకాలూ గీకేస్తాడనిపించింది శారదకు.

బుధవారం ఆఫీసు నుంచి బడికి తిరిగి వచ్చేసరికి వంటగది కప్పు లేదు. రేకులను పైనుంచే కిందికి విసిరి సుత్తెలతో నుగ్గు చేశారు. బడి వాకిలి నిండా తెల్లటి ముక్కలు. మధ్యాహ్న భోజనం వండే దేవమ్మ మరో ఇద్దరితో కలిసి దిమ్మిస పట్టుకుని వాటిని దంచుతోంది. ఆమె కొంగు, కనుబొమ్మలు, పెదవులు అన్నీ తెలుపే. వానలు రాకముందు పెంకులో ఇటుక ముక్కలో వాకిట్లో పోసి దంచుకోవడం ఆ వాడలో అందరూ చేసే పనే. బురద ఉండదు కదా.

“సూడు శారదా, గింత మంచిగైంది! ఇగ పోరగాళ్లు జారిపడరు.”

“ఆపుండ్రి! దించుండ్రది!”

“ఏందే, దయ్యం పట్టిందా?”

రాకేశ్ జేబులోంచి కాగితం తీశాడు. “దయ్యం గాదు, మీ కమిటీ తీర్మానం. నీదే సంతకం అక్కా.”

నిజమే. పోయిన వానాకాలం పిల్లలు బురదలో పడుతున్నారని తనే పట్టుబట్టి రాయించింది. వాకిట్లో పెళ్లలో పెంకులో “ఏవున్నా” పోసి చదును చేయాలని. “ఏవున్నా” అన్న మాట తను చెప్పి పెట్టించిందే. ఆఫీసు వాళ్ల మీద ఉమ్మిన ఉమ్మి తన మొహానే పడ్డట్టయింది.

ఇంజనీరుకు ఫోను చేస్తే, “కప్పే లేదమ్మా. ఇగ సర్వే దేనికి జేయాలె?” అన్నాడు. మొన్న పగల్లేదని వద్దన్నవాడు ఈరోజు పగిలిందని వద్దంటున్నాడు.

ఆమె ఫోను అందుకుని కొమురెల్లి మంచం మీంచే చెప్పాడు, ముక్క ముక్కగా. “ఊడ్వకు చెల్లె... నీళ్లు గొట్టు... ప్లాస్టిక్ పరదాలు కప్పు. ఇరిగిన అంచు సూడు... దగ్గరికి పోకు. పోగుల లెక్క పీచు కనవడ్తది. పోగు ఎరుగనోళ్లమా మనం?”

నీళ్లు కొట్టింది. దేవమ్మను తిట్టి, బతిమాలి, స్నానానికి పంపింది. ఇంటింటికీ తిరిగి పరదాలు తెచ్చి కప్పింది. తడిగుడ్డతో ఒక ముక్క పట్టుకుని, ఒకదాని మీద ఒకటి రెండు కవర్లలో మూతికట్టి, తెల్లారి ఇంజనీరు బల్ల మీద పెట్టింది.

“ఏందమ్మా గిది?”

“మీరు అవసరం లేదన్న రేకు.”

సాయితేజ కుర్చీ గీరుకుంటూ గోడ దాకా పోయింది. ఒక చేత్తో ముక్కు మూసుకున్నాడు. రెండో చేత్తో చాయ గ్లాసు మూసుకున్నాడు. “బయట పెట్టు! ముందు బయట పెట్టు! అరే, ఫ్యాను బంద్ చేయిరా ఎవడన్నా!”

అటెండరు ఉరికి స్విచ్చి నొక్కాడు. రెక్కలు నెమ్మదిగా ఆగాయి.

“రెండు కవర్లల్ల కట్టి తెచ్చిన సారూ. మా పోరగాండ్ల కింద ఒక్క కవరు గూడ లేదు. ఫ్యాను ఎందుకు బంద్ జేపిచ్చిండ్రు?”

పక్క బల్లల వాళ్లు ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి జరిగారు.

“అంటే మీకెర్కే. సర్వే ఎప్పుడు జేయాలెనో అందరికంటె ముందు మీకే ఎర్క.”

సాయితేజ కాగితం లాగి రాశాడు. పని ఆపాలి, వాకిలికి తాళం వేయాలి, మిగిలిన మూడు గదుల కప్పులకు పరీక్ష చేయాలి. శారద చదివి కాగితం వెనక్కి తోసింది.

“‘పని జరిగేటప్పుడు పరీక్ష’ అని రాసిండ్రు. కొట్టేయుండ్రి. ‘పలగ్గొట్టక ముందు’ అని రాయుండ్రి. ఒక్క మాట ఎంత పని జేస్తదో నాకు నిన్ననే తెలిసింది.”

కొట్టేసి రాశాడు, సంతకం పెట్టాడు. “ఇగ దాన్ని తీస్కపో.”

“పరీక్షకు పంపే ముక్క సారూ. నేనెట్ల తీస్కపోత? మీరే పంపుండ్రి.”

కాగితం మడిచి రవికెలో పెట్టుకుని బయటికి నడిచింది. కుళాయి దగ్గర చేతులు కడిగింది. తీర్మానం మీద సంతకం పెట్టిన చెయ్యిని ఇంకోసారి కడిగింది. గేటు దాటుతూ వెనక్కి చూస్తే, అంత ఎండలో ఆఫీసు వాళ్లంతా వరండాలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. లోపల ఫ్యాను ఇంకా ఆగే ఉంది.