కుదుపుల బండిలో కుండల చేపలు

“పదకొండింటికి బరంపురం ప్రదర్శనలో ఎవరి చేపలు ప్రాణాలతో ఉంటే వాళ్లకే కొత్త చెరువు పెంపకం,” అన్నాడు చేపల శాఖ అధికారి.

ఒరిస్సా కొత్త రాష్ట్రమై రెండేళ్లయింది. చిలికా ఉప్పు సరస్సులో దొరికే ‘కుండల’ అనే చేపల్ని మంచినీటి చెరువులో పెంచాలని సర్కారు ఆలోచన. ఆకులాంటి పలచటి ఒళ్లు, ముత్యాల్లాంటి చుక్కలు, తల్లీతండ్రీ కలిసి పిల్లల్ని కాచుకునే చేపలవి. మార్కండి అనే జాలర్ల పల్లెలో ముందుకొచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు కన్నమ్మ. భర్త సముద్రంలో పోయాక బావగారి వాకిట్లో ఎండుచేపలు తిప్పుతూ బతుకుతోంది. చెరువు దక్కితే ఆ వాకిలి దాటొచ్చు. రెండోవాడు ఆ బావే, నరసన్న.

నరసన్న మోటారు వ్యాను మాట్లాడుకున్నాడు. రేకుడబ్బా నిండా చేపలు కుక్కి తాళం వేశాడు. కన్నమ్మ తన చేపల్ని రెండు కడవల్లో వేసి ఎడ్లబండికి ఎక్కించింది.

“ఏటే కన్నమ్మా, ఆ గతుకుల బండిలో ఎల్తే సేపలు పులుసైపోతాయే!”

“నాకు గతుకులే కావాల బావా.”

బండివాడు సోములు ఎడ్లని మెత్తటి ఇసుకమీదికి మళ్లించబోయాడు.

“రాళ్లమీదే తోలు తమ్ముడూ. నీళ్లెగిరిపడాల. నిలబడ్డ నీటిలో సేపకి ఊపిరాడదు.”

బరంపురం రెండు మైళ్లుందనగా ఇరుసు ఫెళ్లున విరిగింది. బండి ఆగింది. కడవల్లో నీళ్లు సద్దుమణిగాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

కన్నమ్మ అరచేత్తో నీళ్లు బాదుతూ అరిచింది. “ఎదురుబొంగు పీకు! కావడి కట్టు!”

“రెండు మైళ్లక్కా! నీవల్ల కాదు!”

అప్పటికే ఆమె కావడి ఎత్తుకుని పరుగందుకుంది. అడుగడుక్కీ కడవలు ఊగాయి, నీళ్లు చిందాయి. భుజం ఒరుసుకుపోతే సోములు అందుకున్నాడు. అతను రొప్పితే ఆమె లాక్కుంది.

గడియారం పదకొండు కొడుతుండగా ఇద్దరూ ప్రదర్శనలోకి దూసుకొచ్చారు. రెండు గంటల ముందే వచ్చిన నరసన్న తన డబ్బామీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“తాళం తియ్యి,” అన్నాడు అధికారి.

మూత లేచింది. నీటినిండా తెల్లటి పొట్టలు. ఒక్కటీ కదల్లేదు.

కన్నమ్మ కడవలు గాజుతొట్టిలోకి వంచింది. ఒక్క క్షణం అంతా బురద. తర్వాత జంట చేపలు చెరోవైపు నిలబడ్డాయి, మధ్యలో పిల్లల గుంపు మెరిసింది. జనం ఈలలు వేశారు.

“చెరువు నీదేనమ్మా. రేపట్నుంచి రా.”

“రేపేటి బావూ? సెరువెటో ఇప్పుడే సూపించండి!”

నరసన్న గొణిగాడు. “మరి ఇంటికాడ ఎండుసేపలో?”

“నువ్వే తిప్పుకో బావా. ఎండ బాగుంది!”

నవ్వులు ఎగిశాయి. కన్నమ్మ చేపల్ని మళ్లీ కడవల్లోకి తీసుకుని కావడి ఎత్తింది. ప్రదర్శన వదిలేసి జనమంతా ఆమె వెనకే చెరువుకి నడిచారు.