ఎల్దుర్తి తోవలో రెండో గేరు

అయినా గరగర వేరు, ఊళ వేరు, జనానికేం, రెండూ కలిపి చప్పుడు అనేస్తారు, అనుకుంటూ గాబ్రియేలు వేపకట్టె ఒక కొన మోటారు గేరు పెట్టెకు, రెండో కొన తన చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు, బండి కదలకుండా నిలబడి ఉంది, ఇంజను మాత్రం తిరుగుతోంది, కట్టె గుండా గరగర నేరుగా పుర్రెలోకి వస్తోంది, క్లచ్చు తొక్కు ప్రకాశం అన్నాడు, డ్రైవరు ప్రకాశం తొక్కాడు, గరగర ఆగింది, వదులు అన్నాడు, మళ్ళీ మొదలైంది, సరే, రోగం ఇంజనులో లేదు, గేరు పెట్టెలోనే ఉంది, కింది ఇరుసును మోసే బేరింగు అరిగి ఉంటుంది, నాన్న కూడా ఇంతే, చర్చి కడుతున్న రోజుల్లో సుత్తితో రాయి మీద ఒక్కటి వేసి, మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది తీసెయ్యి అనేవాడు ఏలీయా మేస్త్రి, ఆ చెవే తనకొచ్చింది, ఆస్తంటే అదే, ఇక ఊళ సంగతి, అది బండి నిలబడితే రాదు, రెండో గేరులో పోతున్నప్పుడే వస్తుంది, అంటే ఆ గేరు పళ్ళు అరిగాయి, పై గేరు వేస్తే పోతుంది, కానీ చర్చి కాంపౌండు దాటి పల్లెల బురదలో దిగిన బండికి పై గేరు యోగం ఎక్కడిది, ఎల్దుర్తి దాకా రెండో గేరే, ఎల్దుర్తి దాకా ఊళే.

ఏడాదిగా మెదక్ అంతా వింటున్న ఊళ అది, మిషను దవాఖానా మోటారు బయల్దేరిందంటే హోటల్లో చాయ్ తాగేవాళ్ళు సాసరు దించి, గాబ్రియేలు మేస్త్రి బ్యాండు మేళం పోతున్నది సూడుండ్రి అని ఎకసెక్కాలాడతారు, చుట్టుపక్కల ఏ మోటారు మొరాయించినా తన షెడ్డుకే వస్తుంది, తన సొంత దవాఖానా మోటారేమో ఇలా ఊరు దద్దరిల్లేలా అరుస్తుంది, ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట తనకోసమే పుట్టినట్టుంటుంది, పెట్టె విప్పుదామంటే బండి ఖాళీగా ఉంటే కదా, ఇవాళ అల్లాదుర్గ్, రేపు ఎల్దుర్తి, ప్రతి ప్రయాణంలోనూ వెనక సీట్లో మందుల పెట్టె పక్కన లిడియా, తన భార్య, దవాఖానాలో నర్సు, నిజాం మీదికి ఇండియా యూనియను పటాలం వస్తుందని ఒక పుకారు, ఈలోగా రజాకార్లు అందినకాడికి దోస్తున్నారని నిజమైన కబురు, ఈ శ్రావణంలో మగవాళ్ళే ఊరు దాటడానికి జంకుతుంటే ఆమె మాత్రం కొంగు బిగించి బండెక్కేస్తుంది, పోవద్దని ఒకసారి అన్నాడు, రజాకార్లు వచ్చిండ్రని కాన్పులు ఆగుతయా అంది, మళ్ళీ అనలేదు, ఇన్నాళ్ళకు డాక్టరు జయానందంగారే షెడ్డుకు వచ్చి, గాబ్రియేలూ, రోజులు మంచిగ లేవు, మన మోటారు మైలు దూరంకెల్లి డప్పు కొట్టి చెప్తున్నది మేం వస్తున్నమని, ఎవడు ఏ పొద ఎనుక కూసున్నడో ఎవనికెరుక, వారం దినాలైనా తీసుకో, జర సప్పుడు లేకుంట చెయ్యి అన్నారు, గాబ్రియేలు తలూపాడు, కానీ ఆ క్షణంలో లిడియా కంటే ముందు చాయ్ హోటలు గుర్తొచ్చింది, ఎందుకో.

పెట్టె దించి నూనె వంపితే నూనెతో పాటు రంపపు పొట్టు కారింది, ఓహో, ఈ బండిని మిషనుకు అంటగట్టినవాడెవడో అమ్మే పూట చప్పుడు బయటపడకుండా పొట్టు కూరాడన్నమాట, పొట్టు ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకుంది, అది నలిగాక అరుపు లంకించుకుంది, పనివాడన్నవాడు చేయకూడని పని, నూనెలో సన్నటి తళుకులు, బేరింగు నుంచి రాలిన ఉక్కు అదంతా, ఇంకొన్నాళ్ళు నడిపి ఉంటే ఏ నడితోవలోనో ఇరుసు పట్టేసేది, బండి నిలిచిపోయేది, పొద్దు గూకుతుంటే, చుట్టూ ఎవరూ లేని చోట, లిడియా, అక్కడ ఆలోచన ఆపి బట్టతో చేతులు తుడుచుకున్నాడు, సామాను కోసం పట్నం పోదామంటే బస్సులు లేవు, కానీ ఖిల్లా కింద, కాలం చేసిన జాగీర్దారు కొట్టంలో ఇదే రకం మోటారు ఒకటి కోళ్ళు పొదిగే గంపలా పడి ఉంది, బేగం పరదా వెనక నుంచి, కావలసింది తీసుకో, కోళ్ళను మాత్రం బెదరగొట్టకు అని ఉర్దూలో చెప్పింది, దాని బేరింగు బాగుంది, దాని రెండో గేరు పళ్ళ జత నిన్న చేసినట్టుంది, తెచ్చి బిగించాడు, నూనె పోశాడు, ప్రకాశాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చర్చి గోడ వెంట రెండో గేరులో తోలాడు, చప్పుడు లేదు, టైర్ల కింద కంకర నలగడం వినబడుతోంది, ప్రకాశం నోరెళ్ళబెట్టి, మేస్త్రీ, గిది మన బండేనా, పిల్లి పోయినట్టు పోతున్నది అన్నాడు, చాయ్ హోటలు ముందు కావాలనే మెల్లగా పోనిచ్చాడు, ఒక్కడూ తలెత్తి చూడలేదు, చూడకపోవడమే పొగడ్త, మీసం మీద చెయ్యి వేసుకోవాలనిపించింది, వేసుకున్నాడు కూడా, గ్రీజు అంటింది, తెల్లారితే డాక్టరుగారూ లిడియా ఎల్దుర్తి వైపు పోతారు.

షెడ్డు ముందు యాదవ్వ కూర్చుని ఉంది, ఎల్దుర్తికి ఇవతలి పల్లె ముసలమ్మ, ఆమె కోడలికి పురుడు పోసింది లిడియానే, మనవరాలికి జ్వరమని మందు కోసం నడిచి వచ్చిందట, బండి పక్కకు వచ్చి ఆగేదాకా తల తిప్పలేదు, ఆగాక ఉలిక్కిపడి, ఓ బిడ్డా, మోటారు సప్పుడే లేదేంది, దాని పాణం గిట్ల పోయిందా అంది, పోలేదవ్వా, బాగైంది అన్నాడు, గర్వంగానే అన్నాడు, ఆమె బుగ్గన వేలు పెట్టుకుని చూసి, మరి మాకెట్ల ఎరుకైతది అంది, ఏం ఎరుక కావాలె అన్నాడు, నర్సమ్మ వస్తున్నట్టు బిడ్డా, మోటారు సప్పుడైతే మేమంత రజాకార్లని జొన్నచేన్లకు ఉరుకుతం, మా పోరగాండ్లు బురుజెక్కి వడిసెలల రాళ్ళు పెట్టుకుంటరు, గా ఊళ ఇనవడ్డదంటె మాత్రం, ఆగుండ్రి, గది దవఖాన మోటారు, మన నర్సమ్మ అని కిందికి దిగుతరు, మొన్న రామాయంపేట సావుకారి మోటారు గిట్లనే మెత్తగ వచ్చింది, ఎవలదో ఏమెరుక, కొట్టిండ్రు, డ్రైవరు నెత్తి పలిగింది పాపం, యాదవ్వ ఇంకా చెబుతూనే ఉంది, మనవరాలి జ్వరం, వాన, తప్పిపోయిన మేక, గాబ్రియేలుకు మాత్రం మగవాళ్ళ వార్డులో తలకు కట్టుతో పడుకున్న మనిషి కనబడుతున్నాడు, ఆ డ్రైవరు అతనే అయ్యుండాలి, కుట్లు వేసింది లిడియానే, ఎట్ల తాకిందయ్యా అని అడిగితే, ఎవరికి భయపడో, మెట్ల మీదికెల్లి పడ్డ అన్నాడట, మెట్ల మీద పడితే నుదుట్ల రాయి ముక్క ఎట్లుంటది అని అన్నం కలుపుతూ నవ్వింది, ఆ రాయి, బురుజు మీది నుంచి, ముందు అద్దం పగిలి, వెనక సీటు దాకా, మందుల పెట్టె పక్కన.

పానా ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు, పెట్టె మళ్ళీ కిందికి దిగింది, ప్రకాశం లబోదిబోమన్నాడు, మంచిగున్నదాన్ని ఎందుకు ఇప్పుతున్నవు మేస్త్రీ, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, బేరింగు మార్చినదే ఉండాలి, అదే బండి ప్రాణం, గరగర రోగం, అది పోవాలి, అరిగిన పళ్ళు అరుస్తాయే గానీ బండిని ఆపవు, పాత పళ్ళను వేలితో ఒక్కొక్కటే తడిమాడు, చీలిక లేదు, కలిసి అరిగినవి కాబట్టి కలిసే ఉండాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచితే మంచిదాన్ని కూడా తినేస్తుంది, పాత జత మొత్తం ఎక్కించి, కోళ్ళ మోటారు నుంచి తెచ్చిన జతకు గ్రీజు పూసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు, చక్కగా కుదిరిన పనిని తన చేతులతో తానే చెడగొట్టుకోవడం ఇదే మొదలు, బాధేసింది, కాదనడమెందుకు, సాయంత్రం డాక్టరుగారు ఊళ విని ముఖం చిట్లించి, వారం దినాలు చేసింది గిదేనా అన్నారు, గరగర పోయింది డాక్టరుగారూ, బండి నడిమిట్ల నిలవడది, ఊళ నేనే ఉంచిన అని, యాదవ్వ మాట పూర్తిగా చెప్పాడు, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మరి రజాకార్లు ఈ ఊళ ఇంటే అన్నారు, ఏడాదిసంది ఇంటనే ఉన్నరు, దవఖాన మోటారని ఇడిసిపెడుతున్నరు, దెబ్బలు తాకితె వాళ్ళు గుడ మీ తానకే రావాలె గద అన్నాడు, డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని, పోతూ పోతూ, హోటలోళ్ళు నిన్ను ఈ జన్మల ఇడువరు పో అన్నారు.

పొద్దున లిడియా బండెక్కుతూ, బాగు చేసినవా, చెడగొట్టినవా అంది, రెండూ అన్నాడు, ఆమె నవ్వింది, జాగ్రత్త, పైలం అందామనుకుని, బండి తలుపు గట్టిగా పడిందో లేదో లాగి చూశాడు, బండి గోడ మలుపు తిరిగి ఎల్దుర్తి తోవలో దిగి ఊళ ఎత్తుకుంది, గాబ్రియేలు షెడ్డు ముందు నిలబడి విన్నాడు, అలవాటుగా చెవి బేరింగు కోసం వెతికింది, పళ్ళ కోసం వెతికింది, కాసేపటికి ఆ వెతుకులాట దానంతటదే జారిపోయింది, ఊళ మామిడితోట దాటింది, లిడియా అక్కడుంది, ఇప్పుడు ఇంకాస్త దూరంలో ఉంది, ఏడాదిగా ప్రతి సాయంత్రం ఊరి పొలిమేరలో ఆ చప్పుడు పుట్టగానే చేతిలో పని ఎందుకు తేలికయ్యేదో, మోటారు దవాఖానా ముందు ఆగి చప్పుడు తెగగానే, ఆమె నడిచి ఇల్లు చేరేంతసేపు గుండె ఎందుకు కొట్టుకునేదో, అదంతా పనివాడి సిగ్గనుకున్నాడు, గాలి అటు మళ్ళింది, ఊళ వినబడలేదు, మళ్ళీ వినబడింది, మళ్ళీ లేదు, సిగ్గు కాదు, భయం, ఆ చప్పుడు మీద తనకు ఒక్కనాడూ కోపం లేదు, అది ఏదో ఒక రోజు తిరిగి రాదేమోనని భయం, వట్టి భయం, ఏడాదిగా, ప్రతి పూటా.