మెరక మీద ఇల్లు

పడకగది గోడలో చీలిక సోమవారం నాటికి తాయారు చిటికెన వేలు పట్టేంత అయింది. శుక్రవారానికి బొటనవేలు పట్టింది. పొద్దున్నే లేచి మొహమైనా కడక్కుండా వెళ్లి అందులో వేలు పెట్టి చూడటం ఆవిడకు అలవాటైపోయింది. చూడకుండా ఉండలేదు, చూశాక ముద్ద దిగదు. వెనక తలుపు గడియ పడటం మానేసి వారమైంది. వంటింట్లో నీళ్లు ఒలికితే అన్నీ వెనక గోడ వైపే పారుతున్నాయి. పైన చూస్తే ముసురు తెరిపివ్వడం లేదు.

"ఏమండీ, నాలుగు రోజులు మేస్త్రీ హాషం వాళ్లింట్లో ఉందాం. వాళ్లమ్మ జైతున్ బీ ముందు గది ఖాళీగానే ఉంది, రమ్మంటోంది" అని ఆవిడ రోజూ బతిమాలుతోంది. మొగుడు జోగారావు వింటేగా! మొండి అంటే అలాంటిలాంటి మొండి కాదు ఆ మనిషి.

మండపేట వైపు నుంచి వచ్చి, ఆర్టీసీ స్టోర్సులో గుమస్తాగా చేసి, బడంగ్‌పేట్‌లో పాతికేళ్లు అద్దెకుండి, రిటైరయ్యాక ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే దారిలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. బ్యాంకు అప్పుతోపాటు ఇంటికి ఇన్సూరెన్సు చేయించారు. పాలసీ మొదటి పేజీలో పెద్దక్షరాలతో అగ్ని, పిడుగు, తుఫాను, వరద, నేల కుంగడం అని ఉంది. చివరి మాట కింద జోగారావు ఎర్ర పెన్నుతో గీత కొట్టి పెట్టుకున్నాడు. వెనక పేజీల్లో చీమల్లాంటి అక్షరాలున్నాయి. అవి చదివిన పాపాన పోలేదు. పాలసీ అమ్మినవాడు పోతూ పోతూ, ఇల్లు ముప్పై రోజులు వరసగా ఖాళీగా ఉంటే పాలసీ పనిచేయదని ఒక మాట చెప్పాడు. అందులో ముప్పై రోజులు ఎక్కడో జారిపోయి, ఒక్క పూట ఖాళీ చేసినా పైసా రాదన్నది మాత్రం ఈయన బుర్రలో దిగబడి కూర్చుంది.

ఇల్లు కట్టిన మేస్త్రీ హాషమే. రెండు వీధుల అవతల ఉంటాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి గోడ కింద నుంచి పైదాకా చూసి తల పట్టుకున్నాడు.

"అన్నా, జర నా మాటిను. గోడ బయటికి ఒరుగుతున్నది. ఇయ్యాల కాకుంటే రేపు పడ్తది. పైసలు పోతే మళ్ల జమ చేసుకోవచ్చు. అక్కను తీస్కొని బయటికి రా."

"ఇన్సూరెన్సు సర్వేయరు రేపొస్తాడు. అతను చూసేదాకా నేను గడప దాటనయ్యా. డబ్బు రాదని తేలిందా, ఇంకెక్కడికో పోయేదేంటి? ఈ కప్పు కిందే పోతాను" అన్నాడు జోగారావు. ఆ మాట ఊరికే అనలేదని ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన తాయారుకు తెలుసు.

శనివారం పదింటికి సర్వేయరు మహిధర్ వచ్చాడు. నెమ్మదైన పిల్లవాడు. ఆధార్, పట్టా కాగితాల జిరాక్సులు కావాలంటే జోగారావు గొడుగేసుకుని ఆటో ఎక్కి బస్టాండు దగ్గరికి పోయాడు. హాషం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మహిధర్ గోడలు కొలిచాడు, ఫోటోలు తీశాడు, పునాది ఎట్ల వేసిన్రని అడిగాడు.

ఇక్కడే తాయారు మురిసిపోయింది. పాపం, అడిగిందే తడవుగా చెప్పేసింది.

"మావారు ఏదీ తక్కువ చేయలేదు బాబూ. స్థలం పల్లంగా ఉందని అరవై టిప్పర్ల మెరక తోలించాకే ముగ్గు పోశాం. మా కోనసీమలో మెరక లేకుండా ఎవరూ ఇల్లు మొదలుపెట్టరు. ఈ వీధిలో అంత మట్టి పోయించింది మేమే."

మహిధర్ పెన్ను ఆగింది. "మెరక అంటే, బయటి నుంచి తెచ్చి పోసిన మట్టి కదమ్మా? పునాది దాని మీదనేనా?"

"అవును మరి!"

హాషం తల దించుకున్నాడు. "గట్టి నేల తగిలేదాక తవ్వుదామని మస్తు చెప్పిన సార్. మా దిక్కు గట్ల కాదయ్యా అన్నడు అన్న. నేను గూడ ఊకున్న."

మహిధర్ ఫైలు మూసి, పెద్దవాళ్లకు చెప్పే తీరుగా మెల్లగా చెప్పాడు. "అమ్మా, నేల దానంతటది కుంగితే పాలసీ ఇస్తది. కానీ తెచ్చి పోసిన మట్టి దిగితే ఇయ్యదు. వెనక పేజీలో రాసుంది. మీరు చెప్పినందుకు కాదు, చెప్పకున్నా నేను తవ్వి చూసేటోన్నే."

"పైసా కూడా రాదా బాబూ? ఒక్క పూట ఖాళీ చేసినా డబ్బు పోతుందని ఆయన గడప దాటట్లేదే!"

"రాదమ్మా. నేను అబద్ధం రాయలేను. ఖాళీ చేస్తే పోతదన్నది కూడ తప్పే, అది నెల రోజుల సంగతి. ఈ గోడ మాత్రం ఆగేటట్టు లేదు. ఇప్పుడే బయటికి పోండి."

"మరి మాకేమైనా అయితే?" అని అడిగింది తాయారు, ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు.

"ఇది గోడలకు చేసిన ఇన్సూరెన్సమ్మా. మనుషులకు కాదు."

తన ఫోన్ నంబరు ఇచ్చి అతను వెళ్లిపోయాడు. తాయారు కుర్చీలో కూలబడింది. ఏడుపు రాలేదు, భయమే వచ్చింది. ఇల్లు పోయిందన్న బాధ ఎక్కడో వెనక ఉంది. ముందున్నది ఒక్కటే. ఈయన వస్తాడు, ఏమన్నాడని అడుగుతాడు, రాదని చెబుతుంది, ఆయన వెళ్లి ఆ గదిలోనే మంచం మీద పడుకుంటాడు. ఆ తర్వాత దేవుడొచ్చి లేపినా లేవడు. గోడలోంచి టప్పుమని పెళ్ల ఊడి పడింది.

జోగారావు గొడుగు మూస్తూనే అడిగాడు. "ఏడీ ఆ అబ్బాయి? ఏమన్నాడే?"

"ఒప్పుకున్నాడండీ" అంది తాయారు. నోటికి ఎలా వచ్చిందో ఆ మాట! "అంతా రాసుకున్నాడు. కానీ ఈ క్షణమే ఖాళీ చేయాలట. ఇంట్లో మనుషులుంటే పాస్ చేయరట. ఎప్పుడైనా మనిషిని పంపి చూస్తారట."

జోగారావు మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ! నేల కుంగడమని స్పష్టంగా రాశారే!" అంటూ అప్పటికప్పుడు బీరువా తెరిచాడు. హాషం పరుపులు మోస్తూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"గిదేంది అక్కా, గట్ల చెప్పినవ్?"

"నీకు దండం పెడతాను తమ్ముడూ, నోరెత్తకు."

రెండు గంటల్లో ఇల్లు ఖాళీ అయింది. జైతున్ బీ ముందు గదిలో చాప పరిచి, అన్నం పెట్టింది. జోగారావు రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు. తాయారు మెతుకు ముట్టలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పెద్ద చప్పుడైంది. వీధి వీధంతా పరుగెత్తింది. వెనక గోడ, దాంతోపాటు పడకగది కప్పు మొత్తం కూలి, మంచం ఉండాల్సిన చోట స్లాబు ముక్క నిలువునా దిగబడి ఉంది. పక్కింటావిడ నోట్లో కొంగు కుక్కుకుంది. తాయారు హాషం భుజం పట్టుకుంది.

జోగారావు ఒక్కడే నవ్వుతున్నాడు. వానలో తడుస్తూ ఫోన్‌తో నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీశాడు. మతి పోయిందేమోనని జనం జాలిగా చూశారు.

"మంచిదే అయింది తాయారూ! సగం పడితే రిపేరు అనేవాళ్లు. పూర్తిగా పోయింది, ఇక కొత్త ఇల్లే ఇవ్వాలి. నువ్వేం బెంగ పెట్టుకోకు. ఆ సర్వేయరు నంబరు నీ దగ్గరుందిగా, కలుపు. ఈ కబురు నేనే చెబుతాను."

తాయారు కలపలేదు. ఆయనే ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని, నంబరు వెతికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. బతికున్నాడు, నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, అంతే చాలు అనుకుంది ఆవిడ. అనుకుంటూనే ఆయన రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నమస్కారమండీ, నేను జోగారావుని" అన్నాడాయన సంతోషంగా.