లెన్ టాస్కర్ ఎప్పటిదాకా పనిచేశాడు

గ్రాన్‌విల్ ఓల్డ్‌రాయిడ్ పుస్తకం విడుదలవుతోందంటే, హాగ్‌రాయిడ్ గని కార్మికుల క్లబ్బులో ముందుగా ఖాళీ అయ్యేది పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పైల పళ్లెం. పుస్తకాల దొంతర సంగతి తర్వాత. ఆ విషయం తెలిసిన నోరీన్ టాస్కర్ ఆ సాయంత్రం పెందలాడే వచ్చి, పుదీనా పచ్చడి కలిపిన బఠాణీల గిన్నె, ఓ పై ముక్క ముందు పెట్టుకుని, వేదికకు దగ్గరి బల్ల దగ్గర కూర్చుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఈసారి పుస్తకంలో ఒక అధ్యాయం ఆమె భర్త లెన్‌ది. లెన్ వారమంతా గనిలో బొగ్గు తవ్వి, శనివారం మధ్యాహ్నం ఊరి రగ్బీ జట్టులో అంచున పరుగెత్తేవాడు. బతికున్నన్నాళ్లూ అతని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. పోయిన రెండేళ్లకు రాశారు. పోనీలే, మనవలు చదువుకుంటారని నోరీన్ సంతోషపడింది.

గ్రాన్‌విల్ ఇంగ్లండు ఉత్తరాది మనుషుల మీద, ఆటల మీద చాలానే రాశాడు. ‘బొగ్గూ చెమటా’, ‘బురదలో పదమూడుగురు’, ‘మా నాన్న గని బూట్లు’. వాళ్ల నాన్న ఇన్సూరెన్సు ఏజెంటు. ఏ గనిలోకీ దిగిన పాపాన పోలేదు. బూట్లున్న మాట మాత్రం నిజమే, నల్లవి, రోజూ పాలిష్ పెట్టేవాడు. గ్రాన్‌విల్ కుర్రతనంలోనే డబ్బున్నవాళ్ల ఊరు హారొగేట్‌కు మకాం మార్చేశాడు. అక్కడ వాన కూడా మర్యాదగా కురుస్తుంది. అట్ట వెనక ఫొటో కోసం మాత్రం హాగ్‌రాయిడ్ వచ్చి, కొత్త బట్టటోపీ పెట్టుకుని, మూతబడ్డ గని గేటు ముందు నిలబడి, దాన్ని తనే మూసినంత దిగులుగా చూస్తాడు.

హాగ్‌రాయిడ్‌లో ఇలాంటి పుస్తకం చదవడానికి ఒక పద్ధతుంది. మొదటి పేజీ జోలికి ఎవరూ పోరు. వెనక్కి తిప్పి, తమ పేరుందో లేదో చూసుకుంటారు. ఉంటే కొంటారు. లేకపోతే పక్కింటివాడి పేరు వెతికి, వాడి బండారమేమైనా బయటపెట్టారేమో చదివి, పుస్తకాన్ని బల్లమీద పడేసి “దండగ” అంటారు.

నోరీన్ పక్కనే కూర్చున్న డగ్గీ మాంక్‌టన్, అతని భార్య బెరిల్ అదే పనిలో ఉన్నారు. డగ్గీ, లెన్ ఒకే గనిలో, ఒకే జట్టులో పెరిగిన మనుషులు.

“నోరీన్ బంగారం, ఇది చూడు!” అన్నాడు డగ్గీ పగలబడి నవ్వుతూ. ఆ ఊళ్లో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి పాస్టరు దాకా అందరూ అందరినీ బంగారమనే పిలుస్తారు. “ఆ ఫైనల్లో మన లెన్ డెబ్బై గజాలు పరిగెత్తి బంతి గీత దాటించాడంట!”

“ఎన్ని గజాలేంటి అసలు?”

“మూడు. అదీ కాలుజారి పడ్డాడు, పడ్డచోట గీత ఉంది.”

నోరీన్ కూడా నవ్వింది. పోయినవాడు కాస్త ఎక్కువ దూరం పరిగెడితే ఎవరికి నష్టం?

బెరిల్ పేజీ తిప్పింది. నవ్వు ఆగిపోయింది. ఒక వాక్యం కింద వేలు పెట్టి పుస్తకం మొగుడి ముందుకు తోసింది. డగ్గీ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత తల ఎత్తకుండా తన బీరు గ్లాసు తీసుకుని పక్క బల్ల దగ్గరకెళ్లి కూర్చున్నాడు. బెరిల్ చేతిసంచీ తీసుకుని అతని వెనకే వెళ్లింది. ఆ బల్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. అటు పక్కన ఇంకో రెండు కుర్చీలు కిర్రుమంటూ వెనక్కి జరిగాయి.

హాగ్‌రాయిడ్‌లో కుర్చీ జరిగితే అర్థమేమిటో నోరీన్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకప్పటి గని సమ్మెలో అందరూ గేటు బయట నిలబడితే, లోపలికెళ్లి పనిచేసిన ద్రోహులకు చేసే మర్యాద అది. సమ్మె ముగిసి పాతికేళ్లయినా ఆ మర్యాదలో లోపం రాలేదు. అలాంటివాడు చస్తే శవపేటిక మోయడానికి మనుషుల్ని పక్క ఊరి నుంచి తెచ్చుకోవాలి.

కళ్లద్దాలు పెట్టుకుని ఆమె చదివింది. “పదిహేనో ఏట గనిలో అడుగుపెట్టిన లెన్, ఏడాది పాటు సాగిన మహా సమ్మె కాలంలోనూ పనిచేశాడు.”

పచ్చి అబద్ధం. ఆ చలికాలం పొయ్యిలోకి ఏమీ లేక వంటసామాను గది తలుపు ఊడదీసి చీల్చాడు లెన్. ఆ మంట దగ్గర కూర్చుని సూపు తాగినవాళ్లలో డగ్గీ కూడా ఉన్నాడు. సమ్మె అయ్యాక గని యాజమాన్యం లెన్‌ను మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు. చచ్చేదాకా బస్సు డిపో ఊడ్చాడు.

ఆమె లేచి పక్క బల్ల దగ్గరకెళ్లింది. “ఏరా డగ్గీ, ఏడాదంతా గేటు దగ్గర ఒకే మంట ముందు చేతులు కాచుకున్నారు కదరా మీరిద్దరూ?”

“కాచుకున్నాం. కాదన్నానా?” డగ్గీ గ్లాసులోకి చూస్తూ గొణిగాడు. “కానీ ఫిబ్రవరిలో నాకు రొంప పట్టి ఓ వారం రాలేదు కదా.”

“ఆ వారంలో ద్రోహి అయిపోయాడా?”

“అచ్చులో ఉంది నోరీన్. ఊరికే వేస్తారా?”

“డెబ్బై గజాలు కూడా అచ్చులోనే ఉందిగా!”

“అది ఆట. ఆటలో అట్లా రాస్తారు,” అన్నాడు డగ్గీ.

ఈలోగా గ్రాన్‌విల్ మైకు ముందుకొచ్చి, మన మాట, మన మట్టి, మన నోటి యాస అంటూ మొదలుపెట్టాడు. హారొగేట్‌లో దాచిపెట్టుకునే యాసను ఇలాంటి సభలకు ఇస్త్రీ చేసి తెచ్చుకుంటాడు. అతని గొంతు వింటుంటే నోరీన్‌కు తన వంటింట్లో జరిగింది గుర్తొచ్చింది. టేపు రికార్డరు బల్లమీద పెట్టి, జున్నుతో ఫ్రూట్ కేకు తింటూ, లెన్ గనిలో ఎన్నాళ్లు పనిచేశాడని అడిగాడు. “పదిహేనో ఏట నుంచి సమ్మె వైల్ పనిచేశాడు బంగారం” అని చెప్పింది తను. హాగ్‌రాయిడ్ ఇంగ్లీషులో వైల్ అంటే దాకా. దక్షిణాదిలోనూ, నిఘంటువుల్లోనూ వైల్ అంటే అది జరుగుతున్నంతసేపూ. ఈ వెధవ ఏం చేశాడో ఆమెకు అర్థమైంది.

“గ్రాన్‌విల్!” నోరీన్ వేదిక ముందుకెళ్లి నిలబడింది. “ఒక మాట అడగాలి.”

“అడగండి నోరీన్ గారూ, ఈ పుస్తకం మీదే.”

“మీ అమ్మ ఐవీ చిప్స్ కొట్టు ఎప్పుడెప్పుడు తెరిచేదిరా? నిక్కర్లేసుకుని ఆ వేళలు వీధంతా అరుచుకుంటూ తిరిగేవాడివి.”

గ్రాన్‌విల్ మొహం వెలిగిపోయింది. ఇలాంటి జ్ఞాపకాలమ్ముకునే కదా అతను బతుకుతున్నాడు. కళ్లు మూసుకుని, చిన్నప్పటి గొంతుతో అరిచాడు. “పదకొండు నుంచి రెండు వైల్! నాలుగు నుంచి ఎనిమిది వైల్! ఆదివారం సెలవు!”

హాలంతా చప్పట్లు కొట్టింది.

“రెండు వైల్ అంటే రెండింటి దాకానా, రెండు గంటలు మోగుతున్నప్పుడా?”

“దాకా...” అని నవ్వబోయాడు.

“మరి మా ఆయన సమ్మె వైల్ పనిచేశాడని నేను నీకు చెప్పానంటే?”

చప్పట్లు ఆగిపోయాయి. గ్రాన్‌విల్ పుస్తకం తెరిచి పేజీ వెతికాడు. దొరికాక అతని మొహం ఉడికిన బఠాణీ రంగుకు తిరిగింది. “నేను... భాష కొంచెం సరిచేశానంతే. దక్షిణాది పాఠకులకు అర్థమవ్వాలని...”

“దక్షిణాదిలో నీ పుస్తకం కొనే మొనగాడెవడ్రా?” అని బారు దగ్గర్నుంచి ఎవరో అరిచారు. హాలు గొల్లుమంది.

నోరీన్ నవ్వలేదు. “మా బూతులు ఉంచావు. మా బురద ఉంచావు. మా దగ్గు గురించయితే రెండు పేజీలు రాశావు. సరిచేయడానికి నీకు మా ఆయన మాటే దొరికిందా?”

గ్రాన్‌విల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. రెండో ముద్రణలో తప్పకుండా దిద్దుతానని, తన తరఫున క్షమాపణ కూడా వేయిస్తానని మైకులోనే మాటిచ్చాడు. నోరీన్ తన బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. బఠాణీలు చల్లారిపోయాయి.

జరిగిన కుర్చీలు ఒక్కొక్కటే మళ్లీ ముందుకొచ్చాయి. బెరిల్ వచ్చి, చదివినప్పుడే అనుమానమొచ్చిందే తల్లీ అంది. డగ్గీ ఒక పై ముక్క పళ్లెంలో పెట్టి తెచ్చి నోరీన్ ముందుంచాడు.

“నాకు తెల్దా మన లెన్ సంగతి! ఆ పుస్తకాలోడు తప్పు రాశాడు కానీ...”

“వాడి తప్పు రెండో ముద్రణలో దిద్దుతాడు డగ్గీ,” అంది నోరీన్, పళ్లెం వెనక్కి తోస్తూ. “నీది ఏ ముద్రణలో దిద్దుతావు?”