ఇనుము బడలిక

పొద్దు గూకే వేళకు గౌరయ్య బియ్యం మిల్లు ఆగేది. ఇంజను దమ్ము తగ్గి, తోలు పట్టాలు వదులై, దూలాల కింద అడ్డంగా బిగించిన పొడుగాటి షాఫ్టు తిరిగి తిరిగి నిలబడగానే ఊక దుమ్ములోంచి మరియమ్మ వచ్చేది. ఒక చేతిలో ఆముదం గిన్నె, ఇంకో చేతిలో గుడ్డపేలిక. కొంగు నడుముకు దోపుకొని నిచ్చెనెక్కి, షాఫ్టును ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమ్మళంగా తుడిచేది. తుడుస్తూ తుడుస్తూ దాని బడలిక తీసేసేది. కిందికి దిగేసరికి ఆమె భుజాలు వంగిపోయి ఉండేవి. షాఫ్టు మాత్రం తెల్లారి మళ్లీ కొత్తదానిలాగే తిరిగేది.

కోదాడలో ఇది ఎవరికీ వింత కాదు. ఒకరికి తేలు మంత్రం వస్తది, ఒకరికి బెణికిన కాలు సవరించడం వస్తది, మరియమ్మకు ఇనుము బడలిక తీయడం వస్తది. అంతే. ఆమె దావీదును పెళ్లాడి ఊళ్లోకి వచ్చిన కొత్తలో బండి ఇరుసులు తెచ్చేవాళ్లు, బావి గిలకలు తెచ్చేవాళ్లు. మంత్రసాని ముత్తమ్మ బొడ్డు కోసే కత్తి పట్టుకొచ్చి, "జర చెయ్యి పెట్టు బిడ్డా, దీనికి పానం బాగలేదు" అనేది. దావీదు మిల్లులో ఫిట్టరు. షాఫ్టు సంగతి చూడమని ఆమెను మిల్లుకు తెచ్చింది అతనే. దూరదేశం నుంచి ఓడెక్కి వచ్చిన ఇనుము అది. విరిగితే ఇంకోటి ఇట్టే దొరికే రోజులు కావవి.

మరి తీసిన బడలికను ఏం చేసేది? అడగాల్సిన మాటే. శనివారం సాయంత్రం దావీదు మేళ్లచెరువుకు బండి కట్టేవాడు. అది ఆమె పుట్టినూరు. ఆదివారం ప్రార్థన కాగానే ఊరవతల సున్నపురాతి గుట్టకు పోయి, రాతికి వీపు ఆనించి, కళ్లు మూసుకొని అంతా వదిలేసేది. వదలగానే గుట్ట లోపలెక్కడో టిక్కుమని చప్పుడయ్యేది. మేళ్లచెరువు రాయి పొరలు పొరలుగా ఎందుకు లేస్తదో చదువుకున్నవాళ్లు ఏవేవో చెప్తారు. ఊరివాళ్లకు అసలు సంగతి తెలుసు.

ఇలా సాగిపోతుంటే పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పంట చేతికొచ్చింది. గొడవలకు జడిసి జగ్గయ్యపేట దిక్కు పారిపోయినవాళ్లంతా తిరిగొచ్చి, బీడుపడ్డ పొలాలు దున్నుకొని పండించిన వడ్లవి. మిల్లు ముందు బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. గౌరయ్య చెమట తుడుచుకుంటూ మరియమ్మ దగ్గరికి వచ్చాడు. మనిషి భారీ, నోరు పెద్దది, మనసు మెత్తన.

"మరియమ్మా, నీకు తెల్వంది గాదు. వీళ్లంత పరాయి ఇండ్ల ముంగట గంజికి నిలబడ్డోళ్లు. ఇప్పుడు సొంత బియ్యం వండుకుంటం సేటూ అంటున్నరు. ఆదివారం మిల్లు బందు అని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"మరి నేను గుట్టకు పోకుంటే ఎట్ల సేటూ?"

"దానికే నేనొక ఉపాయం జేసిన! గుట్టనే నీ తానకు తెప్పిస్త."

అన్నంత పనీ చేశాడు మహానుభావుడు. మేళ్లచెరువు నుంచి బండ్ల మీద బండలు తెప్పించి మిల్లు వెనక పేర్పించాడు. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. ఎంత తెలివి, ఎంత తెలివి అన్నారు. మరియమ్మ వీపు ఆనించింది. కళ్లు మూసుకుంది. చాలాసేపు కూర్చుంది. చప్పుడు కాలేదు.

ఎదురుగా గౌరయ్య వెలిగిపోతున్న ముఖంతో నిలబడి ఉన్నాడు. "ఎట్లున్నది?"

"మంచిగున్నది సేటూ" అంది మరియమ్మ. అంత సంబరపడుతున్న మనిషితో ఇంకేం అంటది పాపం.

అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. పగలంతా షాఫ్టు తిరిగేది, సాయంత్రం ఆమె తుడిచేది, తీసింది తీసినట్టు ఒంట్లోనే నిలిచిపోయేది. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడమే బరువైంది. ఒకరోజు తలకు నూనె రాస్తూ దావీదు ఆమె భుజం మీద సన్నటి గీత చూశాడు. వెంట్రుకంత గీత. నెత్తురు లేదు, నొప్పి లేదు. ఫిట్టరు కదా, అలాంటి గీత ఇనుము మీద కనిపిస్తే అర్థమేమిటో అతనికి తెలుసు.

"ఇగ సాలు, బంద్ చెయ్. పోతే షాఫ్టు పోతది" అన్నాడు.

"పోతే యాడ పడ్తది? కిందనే గదా మనుషులుండేది" అంది మరియమ్మ. ఆమె తమ్ముడు యేసయ్య అవతలి దిక్కు ఏదో మిల్లులో విరిగిన షాఫ్టు మీద పడి చనిపోయాడు. "వాని మీద పడ్డదాన్ని తుడిచేటోళ్లు లేకపాయిరి. నేనుండి కూడ తుడవకపోతే ఎట్లయ్యా?"

దావీదుకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది, రెండూ మింగి గిన్నెలో మిగిలిన నూనె ఆ గీత మీద రాశాడు.

ఆ వారంలోనే గౌరయ్య మేనల్లుడు గురవయ్య హైదరాబాదు నుంచి దిగాడు. ఇంజనీరింగు కాలేజీలో ఇనుము ఎందుకు విరుగుతుందో పరిశోధన చేస్తున్నాడు. అందరూ పట్నం నుంచి మిఠాయి తెస్తే ఈయన సంచిలో విరిగిన ఇరుసు ముక్కలు, ఒక భూతద్దం. గౌరయ్య భార్య తలకొట్టుకుంది. అతను కాళ్లు కడుక్కోకముందే నిచ్చెనెక్కి షాఫ్టు చూశాడు. లావు షాఫ్టు బేరింగులోకి పోయేచోట సన్నబడుతుంది. ఆ మెడ దగ్గర అద్దం పెట్టి చూసి, దిగొచ్చాడు.

"మామా, ఆ మెడ కాడ మూల సూసినవా? నిలువునా కోసినట్టున్నది. తిరిగినప్పుడల్లా షాఫ్టు బడలికంత అసొంటి మూలకే పోగైతది. పైకి ఏం కనపడదు. ఒకనాడు ఠప్పుమంటది. నా లెక్కకు ఇది ఎప్పుడో విరగాలె. ఎందుకు విరగలేదో సమజైతలేదు."

"మా మరియమ్మ తీస్తది గదరా!" అని నవ్వాడు గౌరయ్య.

గురవయ్య నవ్వలేదు. అతనూ కోదాడలో పుట్టినవాడే. "తీసి ఏడ పెడ్తున్నది?"

గౌరయ్య గర్వంగా మిల్లు వెనక్కి తీసుకుపోయి బండలు చూపించాడు. గురవయ్య ఒక్కో బండ మీద అరచెయ్యి ఆనించాడు, వేలి మెటికతో కొట్టి విన్నాడు. "ఇవి గుట్ట నుంచి పెరికిన రాళ్లు మామా. గునపాల పోట్లు, సుత్తె దెబ్బలు తిని వచ్చినయ్. వీటి బడలికే వీటికి సాలకున్నది. ఇంకొకళ్లది యాడ పట్టుకుంటయ్?"

మరియమ్మను పిలిపించారు. "అక్కా, నిజం చెప్పు" అన్నాడు గురవయ్య. ఆమె పైట జరిపి భుజం చూపించింది. గీత మెడ దాకా పాకింది.

"అమ్మో!" అన్నాడు గౌరయ్య. "మరి చెప్పలేదేంది తల్లీ?"

"నువ్వంత ఖుషీగ ఉంటివి సేటూ."

గురవయ్య దారి చెప్పాడు. షాఫ్టు దించి సూర్యాపేటకు తీసుకుపోవాలి. అక్కడ లేత్ మిషను మీద ఆ మూలను చెక్కి గుండ్రంగా తీయించాలి. మూల లేకపోతే బడలిక ఒక్కచోట పోగుకాదు, మరియమ్మకు తీయాల్సిందే తగ్గిపోతుంది. గౌరయ్య కిటికీలోంచి బండ్ల వరుస చూశాడు. "చేపిద్దాంరా. తప్పకుండ చేపిద్దాం. ఈ ఒక్క పంట ఒడవనీ" అన్నాడు. చెడ్డవాడై అన్న మాట కాదది. కానీ ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

తెల్లారి మిల్లు అటు మొదలైందో లేదో ఇటు మరియమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మిల్లు గోడవతలే వాళ్ల గుడిసె. పొద్దు నడినెత్తికి వచ్చినా బిడ్డ రాలేదు. ముత్తమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వాకిట్లో దావీదు, గురవయ్య ఉన్నారు.

"బిడ్డ సక్కగనే ఉన్నది. తల్లికే సత్తువ లేదు నాయనా. ముక్కుదామన్నా మూలుగుదామన్నా శాతనైతలేదు. ఎన్నో కాన్పులు సూసిన గని, గింత అలిసిపోయిన పిల్లను సూడలే" అని ముసలామె ఏడ్చింది.

దావీదు బండి కడతానని లేచాడు. మేళ్లచెరువు దాకా ఆమె ప్రాణం నిలవదని ముత్తమ్మ అడ్డం నిలబడింది.

"ఆమెల ఉన్నది ఆమె బడలిక కాదు" అన్నాడు గురవయ్య. "షాఫ్టుది. దానిది దానికే తిరిగియ్యాలె."

ఆమె షాఫ్టు దగ్గరికి పోలేదు, షాఫ్టే ఆమె దగ్గరికి రావాలని ముగ్గురికీ ఒక్కసారే తట్టింది. దావీదు మిల్లులోకి పరుగెత్తాడు. గౌరయ్య త్రాసు దగ్గర ఉన్నాడు. వెనకే వచ్చిన గురవయ్య సంగతి చెప్పాడు. తిరిగిచ్చేస్తే షాఫ్టు నిలవదు. ఈ పంటకు మిల్లు ఇంతే సంగతులు. బండ్ల మీద రైతులు వింటూనే ఉన్నారు. గౌరయ్య వాళ్ల ముఖాలు చూశాడు. వెనక పేర్పించిన బండలు గుర్తొచ్చాయి కాబోలు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంజను ఆపుండ్రి!" అని కేకపెట్టాడు. "దించుండ్రి దాన్ని!"

దావీదు షాఫ్టు మీది చక్రాలు ఊడదీశాడు, బేరింగులు విప్పాడు. వడ్లతో వచ్చిన రైతులే భుజాలు పట్టారు. పీనుగను మోసినట్టు కాదు, పల్లకి మోసినట్టు మోశారు. గుడిసె తడిక ఊడబీకి, షాఫ్టును తీసుకుపోయి మరియమ్మ చాప పక్కన నేల మీద పడుకోబెట్టారు. మగవాళ్లంతా బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డారు.

మరియమ్మ కళ్లు తెరిచి చూసింది. చెయ్యి ముడుచుకుంది. "వద్దు" అంది సన్నగా. "ఇచ్చేస్తే విరుగుతది సేటూ. మనుషులు..."

గౌరయ్య వాకిట్లోంచే అరిచాడు. "విరగనీ తల్లీ! దాని కింద ఎవ్వరూ లేరు!"

కింద ఎవరూ లేరు. నేల మీద పడుకున్న ఇనుము ఎవరి మీద పడుతుంది? మరియమ్మ చెయ్యి చాపి షాఫ్టు మెడను గట్టిగా పట్టుకుంది. అన్నాళ్లు తీసుకున్నదంతా వదిలేసింది.

టిక్కుమనలేదు. పిడుగుపడ్డట్టు ఠప్పుమంది. గురవయ్య చూపించిన ఆ మూల దగ్గరే షాఫ్టు రెండు ముక్కలైంది. ఆ వెంటనే మరియమ్మ పెట్టిన కేక రోడ్డు మీది ఎడ్లను బెదరగొట్టింది. అబ్బ, ఎంత సత్తువ ఆ కేకలో! దాని వెనకనే ఇంకో గొంతు, చిన్నది, లేచింది.

"ఆడపిల్ల!" అంది ముత్తమ్మ. దావీదు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ పంటకు కోదాడలో ఇంటింటా రోకళ్లు లేచాయి. చేతులు బొబ్బలెక్కి గౌరయ్యను తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు, ఎందుకు అబద్ధం. కానీ బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు అందరూ గుప్పెడు దంపుడు బియ్యం కొంగున కట్టుకునే వచ్చారు. గురవయ్య హైదరాబాదంతా గాలించి ఒక మంచి ఉక్కు కడ్డీ సంపాదించాడు. సూర్యాపేట లేతు పక్కన తిండి కూడా మరిచి నిలబడి, మెడ దగ్గర మూలన్నది లేకుండా నున్నగా తిప్పించాడు. మిల్లు మళ్లీ మొదలైంది, మరియమ్మా మళ్లీ నిచ్చెనెక్కింది. ఆదివారం మాత్రం గౌరయ్యే వచ్చి తాళం వేసుకుపోయేవాడు.

మొదటి శనివారం సాయంత్రం దావీదు బండి కట్టాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక మరియమ్మ బిడ్డను చంకనేసుకొని గుట్టకు పోయింది. ఎప్పటిలాగే చాలాసేపు పడుతుందని దావీదు ఎడ్లను విప్పి గడ్డి వేశాడు. మరియమ్మ రాతికి వీపు ఆనించింది, కళ్లు మూసుకుంది, వదిలింది. చప్పుడు కాలేదు. ఇంకోసారి ఆనించి చూసింది. గుట్ట గమ్మున ఉంది. భుజం తడుముకుంది. గీత ఉన్నచోట చర్మం నున్నగా తగిలింది.

గడ్డి ఇంకా సగం కాకముందే తిరిగొచ్చిన పెళ్లాన్ని చూసి దావీదు గాబరాపడ్డాడు. "ఏమైందే? రాయి తీసుకోలేదా?"

"దించుదామంటే నా తాన ఏం లేదయ్యా" అంది మరియమ్మ, నవ్వు ఆపుకోలేక.

"మరి ఎడ్లు కట్టాల్నా?"

ఆమె ఊరి చెరువు దిక్కు చూసింది. పుట్టినూరే అయినా, పెళ్లయ్యాక ఏ బరువూ దించుకునే పని లేకుండా అక్కడ ఒక్క ఆదివారమూ గడపలేదు.

"వద్దు" అంది. "ఇయ్యాల ఊరికే కూసుందాం."